షోకేస్ రివాల్వర్

నేను పనిచేసే గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకు, ఓనర్ పిచ్చేశ్వరరావు గారు. పోయిన నెల ఒకడు కౌంటర్‌లో ఉన్న నా తలకు తుపాకీ పెట్టి క్యాష్ పట్టుకుపోయాడు. దాంతో ఆయన నన్ను తీసుకుని షాంటిలీ ఊళ్లో తుపాకులు అమ్మే గన్ షోకి వెళ్లారు. పాత రివాల్వర్ కొనడం ఆయనకదే మొదలు.

అమ్మే ముసలాయన ఒకదాని తూటాలు పెట్టే సిలిండర్ వేలితో కదిపి చూపించాడు. "వదులైంది. కాలిస్తే చెయ్యి పోతుంది. ఇది షోకేస్‌లో పెట్టుకోవడానికే, అందుకే రెండొందల డాలర్లు. గట్టిది నాలుగొందలు, న్యాయమైన ధర," అన్నాడు.

ఓనర్ నావైపు తిరిగి, "మనమేమన్నా కాలుస్తామా అమ్మా? చూపించి బెదిరించడానికేగా!" అని నవ్వి, వదులుగా ఉన్నదాన్నే నూటయాభైకి బేరమాడారు. దారంతా ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి "సూపర్ డీల్ కొట్టాం" అని చెప్పుకున్నారు.

మర్నాడు దాన్ని కౌంటర్ కింద పెట్టి, "నీ సేఫ్టీ కోసమేనమ్మా," అన్నారు. నా దగ్గరున్న షాపు తాళాలు దాని పక్కనే పెట్టి, పని మానేసి వచ్చేశాను.