మునివెంకటప్ప చెవి

చిత్తూరులో కాణిపాకం రోడ్డు మీద మునివెంకటప్ప షెడ్డు. ముప్ఫై ఏళ్లుగా పెద్ద బండ్లను చెవితోనే బాగు చేశాడాయన. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచేసరికి రోగం పేరు నోట్లో ఉండేది. నా పాత టాక్సీకి నెలలో బేరింగు పోతుందని చెబితే నేను నవ్వాను. సరిగ్గా నెలకు నడిరోడ్డు మీద కూర్చుని ఏడ్చాను.

ఆ పెద్ద ఇంజన్ల కాలం పోయింది. ఇప్పుడు ఏనుగంత బండికీ చిన్న ఇంజనే పెట్టి, దానిలోకి గాలిని బలవంతంగా తోసే టర్బో ఒకటి తగిలిస్తున్నారు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? బండి చెడితే జనం నేరుగా షోరూముకే. ఆయన షెడ్డులో ఆరు నెలలుగా కుక్కలు పడుకుంటున్నాయి. చూస్తే నాకు ఒళ్లు మండేది.

చివరికి నేనూ టర్బో బండే కొన్నాను. యాత్రికులతో కొండెక్కుతుంటే సన్నగా ఈల, ఆ వెంటే లాగుడు తగ్గడం. అందరూ షోరూముకు పొమ్మన్నారు. నేను పట్టుబట్టి మునివెంకటప్ప దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇదొక్కటి బాగు చేస్తే టాక్సీ స్టాండు బండ్లన్నీ మళ్లీ తన దగ్గరికే వస్తాయని ఆయన ఆశ. నా ఆశ కూడా అదే.

స్క్రూడ్రైవరు పెట్టాడు. యాక్సిలరేటరు తొక్కాను. ఈల మొదలైంది.

“యాడబ్బా ఈల?” అన్నాడు. మళ్లీ తొక్కాను. “ఏం లేదే. ఇంజను బంగారం మాదిరుండాది.”

వెనక గదిలో వంట చేస్తున్న ఆయన భార్య తిరుమలమ్మ చెవులు మూసుకుని బయటికొచ్చింది. “ఏందయ్యా ఆ ఈల, సెవులు సిల్లులు పడతాండాయి!”

మునివెంకటప్ప ఆమెనే చూస్తూ మెల్లగా అడిగాడు. “మొన్న పప్పు మాడిందే... కుక్కరు కూసిందా?”

“ఎనిమిది తూర్లు కూసింది. పక్కనే కూర్సోనుండి ఆపలేదనే గదా, రెండు దినాలు నీతో మాట్లాడలేదు.”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఇంజన్ల దడదడ వినే ఆ చెవి సన్నటి శబ్దాన్ని ఎప్పుడు వదిలేసిందో ఆయనకే తెలియదు. నా చేయి పట్టుకున్నాడు. “ప్రసాదూ, బయట సెప్పొద్దబ్బా. నాకు సదువు లేదు, ఇంకో పని రాదు. ఈ సెవి పోయిందంటే నేను పోయినట్టే.”

ఎందుకు తెచ్చానురా ఈ బండిని అనుకున్నాను.

ఆయన లేచి, టర్బో గొట్టాలన్నీ చేత్తో తడిమి చూశాడు. ఒక క్లిప్పు బిగించి తొక్కమన్నాడు. తొక్కాను. ఈసారి స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు, మా ముఖాలే చూశాడు.

“ఆగినాదా?”

ఆగలేదు. “ఆగిందన్నా,” అన్నాను. తిరుమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

“ఆపబ్బా బండి,” అన్నాడు. “ముప్ఫై ఏండ్లుగా నా పెండ్లాన్ని సూస్తాండా. అబద్ధం ఆడేటప్పుడే ఆ కొంగు నోటికొస్తాది.” బానెట్టు తనే దించాడు. “షోరూముకు తీస్కపో.”

లోపల కుక్కరు కూసింది. తిరుమలమ్మా నేనూ అటు తిరిగాము. ఆయన తల వంచుకుని స్క్రూడ్రైవరు తుడుస్తూనే ఉన్నాడు.