మాగ్పీతో మధ్యాహ్న భోజనం

దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా దగ్గర సముద్రంలో ఆల్చిప్పలు పెంచే కుటుంబం మెరిన్‌ది. తల్లి పోయాక తండ్రి క్లెమ్‌తోనే ఉంటూ, షెడ్డులో చిన్నవీ పెద్దవీ వేరుచేసి బుట్టల్లో వేసే పని చేసేది. చెయ్యి చురుకు, మాట మంచిది. భోజనాల వేళకి మాత్రం ఏదో ఒక పని గుర్తొచ్చి మాయమయ్యేది.

"సీగల్ పక్షులైనా మన చిప్స్ ఎత్తుకుపోయి తింటాయి. ఈ మహాతల్లి గాలి భోంచేస్తుంది," అనేవాడు తోటి పనివాడు రెన్నీ. అందరితోపాటు మెరిన్ కూడా నవ్వేది.

బడి రోజుల నుంచీ ఆమెకి తిండితో తగువే. పగలంతా కడుపు మాడ్చుకునేది. ఆకలి కట్టలు తెంచుకున్నాక ఎవరూ చూడకుండా దొరికిందల్లా తిని, ఆ వెంటనే లావైపోతానని భయం పట్టుకుని కక్కేసేది. నలభై దగ్గరపడుతుండగా ఒకనాడు పడవ మీద కళ్లు తిరిగి కూలబడింది. ఊళ్లో డాక్టరు ఆమెని అడిలైడ్‌లోని డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. బస్సులో ఒక పగలంతా ప్రయాణం. నెలకోసారి వెళ్లడమే గగనం.

"మధ్య రోజుల్లో నువ్వు ఒంటరిగా ఉండకూడదు," అంది డాక్టరమ్మ. "ఫోన్లో చదువుకునే పాఠాలున్నాయి. నీలాంటివాళ్లు అక్కడ ఒకరికొకరు రాసుకుంటారు కూడా. కానీ దాన్ని చూసుకుని నా దగ్గరికి రావడం మానేశావనుకో, ఊరుకోను."

మొదటి పాఠానికే మెరిన్ పెదవి విరిచింది. ఆకలి వేసినా వేయకపోయినా వేళకి తినాలట. తిన్నాక పుట్టే భయం అలలా లేచి, దానంతటదే తగ్గుతుందట. "చెప్పడానికేం, తేలికే" అని రాసింది.

ఎవరో వెంటనే బదులిచ్చారు. "నిజమే తల్లీ. ఇది రాసినవాడు టోస్టు ముక్కని చూసి ఎప్పుడూ వణికి ఉండడు. నేను ఇప్పుడు వణుకుతున్నా. నువ్వూ ఒకటి తెచ్చుకో, కలిసి వణుకుదాం."

ఆవిడ మాగ్పీ. అక్కడ అసలు పేర్లు చెప్పుకోకూడదని నియమం, అందుకే పిట్ట పేరు పెట్టుకుంది. టాస్మానియా దీవిలో ఎక్కడో ఆపిల్ తోట ఉందనీ, మనవలున్న మనిషనీ మాత్రం తెలిసింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం కాగానే మెరిన్ జెట్టీ చివర కూర్చుని శాండ్‌విచ్ విప్పేది. అక్కడ మాగ్పీ సూప్ గిన్నె ముందు కూర్చునేది. ఒక ముద్ద తినడం, ఒక మాట రాయడం. "మా కుక్క నా సూప్ వంక ఎంత ప్రేమగా చూస్తోందో! ఆ ప్రేమ నాకుంటే ఈ పాఠాలెందుకు?" అని మాగ్పీ రాస్తే మెరిన్ నోట్లో ముద్దతో నవ్వేది. తిన్నాక భయం లేచినప్పుడు ఇద్దరూ మాటల్లో పడి దాన్ని గడిపేసేవారు. అన్నిసార్లూ గెలవలేదు. ఓడిన రోజున కూడా దాచకుండా చెప్పుకున్నారు.

పాఠాలు చివరికొచ్చాయి. ఆ గుంపుని మూసేస్తారని తెలిసిన రోజున మెరిన్ ఉండబట్టలేక అడిగేసింది. "మీ పేరు చెప్పరూ? ఎవరికీ చెప్పను."

మాగ్పీ ఇలా రాసింది. "వద్దు తల్లీ. ఆ పేరు గల ఆవిడ జబ్బు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా మా ఆయనకే చెప్పలేకపోయాను. నువ్వు మాత్రం మీ నాన్నకి చెప్పు. రేపు నేనుండను కదా, నీ ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోవాలి."

ఆ సాయంత్రమే మెరిన్ తండ్రికి అంతా చెప్పింది, మాగ్పీ సంగతితో సహా. క్లెమ్ తన చేతులకేసి చూసుకుంటూ అన్నాడు.

"నువ్వు తిన్నాక బాత్రూమ్‌లో కుళాయి చప్పుడు ఏళ్ల తరబడి వింటూనే ఉన్నానమ్మా. అడిగితే ఇల్లు వదిలి పోతావేమోనని భయం వేసింది. మీ అమ్మయితే అడిగేసేది. నేనిప్పుడు ఏం చెయ్యాలి?"

"నాతో కూర్చో నాన్నా. నా పళ్లెంలోకి చూడకు. ఏదైనా మాట్లాడు."

"దేని గురించి?"

"ఫుట్‌బాల్ గురించైనా సరే."

క్లెమ్‌కి అంతకంటే ఏం కావాలి! తన జట్టు ఎలా ఓడిపోయిందో తిడుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తిట్ల మధ్య మెరిన్ పళ్లెం ఖాళీ చేసింది. తర్వాత ఇద్దరూ గిన్నెలు కడిగారు.

అడిలైడ్ ప్రయాణాలు సాగుతూనే ఉన్నాయి. మళ్లీ పాత అలవాటులోకి జారే రోజులు తగ్గుతూ వచ్చాయి. కానీ ఎంత బాగా తిన్న రోజైనా, తినడం కాగానే చెయ్యి ఫోన్ మీదికి పోయేది. 'తిన్నాను' అని ఎవరికి చెప్పాలి? సంతలో టాస్మానియా ఆపిల్స్ కనబడితే ఒకటి తీసుకుని చేతిలో తిప్పి చూసేది. ఆ తోటదో కాదో. ముఖం తెలియని మనిషి మీద ఇంత బెంగేమిటని తనకే సిగ్గేసేది.

ఒక మధ్యాహ్నం పడవ మీద మాంసం కూరిన పై రొట్టె తింటూ క్లెమ్ అడిగాడు. "మీ మాగ్పీ భోంచేసి ఉంటుందంటావా?"

"తెలీదు నాన్నా."

"వాళ్లాయనకి చెప్పి ఉంటుందా?"

మెరిన్ టాస్మానియా ఉన్న వైపు నీళ్లకేసి చూసింది. "చెప్పి ఉంటే బాగుణ్ణు," అంది. పక్కన తండ్రి ఇంకో ముక్క విరిచి, ఆమె వంక చూడకుండానే ఆమె వైపు జరిపాడు.