అక్క చెప్పింది, నేను చెప్పలేదు

ఇన్నేళ్లుగా అబద్ధం మోస్తున్నాను. రోజూ డైరీ రాసే నేను దీన్ని అందులో కూడా రాయలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అక్క మా పెద్దమ్మ కూతురు. కోవిల్‌పట్టిలో తమిళుల మధ్య తెలుగువాళ్లం మేము. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. పుట్టుకతోనే ఆమె కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి, వెన్ను ఒక పక్కకు వంగింది. మాట ముద్దగా వచ్చేది. ఆకలి, నీళ్లు, నొప్పి అంటే పెద్దమ్మకు తెలిసేది. అంతకు మించి ఏమన్నా నాకొక్కదానికే అర్థమయ్యేది. పక్కన పడుకుని కథలు చదివి వినిపించినదాన్ని కదా.

విరుదునగర్‌లో ఒకాయన ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకు చక్రాల కుర్చీలో సీటు చేసేవాడు. ముందు కొలతలిచ్చి వచ్చాం. సరిచూసుకోవడానికి మళ్లీ వెళ్లాం. వంపుకు సరిపోయేలా చెక్కిన ఫోంలో కూర్చోబెట్టగానే అక్క తల నిలిచింది. అట్లా నిలవడం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడైనా ఒత్తితే చెప్పండి, అక్కడ ఇంకాస్త చెక్కుతాను అని ఆయన అరవంలో అన్నాడు.

"పిర్ర కింద గుచ్చుతా ఉండాది. సెప్పవే," అంది అక్క.

నాకు పదహారేళ్లు. గదిలో ఆయన, సీటు కవరు కుట్టే అతను, పెదనాన్న. ముగ్గురూ నా నోటికేసి చూస్తున్నారు. ఆ మాట నా నోట రాలేదు.

"బాగుందంట అన్నా," అన్నాను అరవంలో.

"సిగ్గు నీకి, నొప్పి నాకా?" అంది అక్క.

ఆమె సంతోషపడుతోందనుకుని వాళ్లు నవ్వారు.

ఇంట్లో అక్క నొప్పిని ఓర్చుకుంది. వాకిట్లో కూర్చుని, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ల చీరలకు వంకలు పెట్టడం అంత ఇష్టం ఆమెకు. చివరికి పుండు పడింది.

"అడిగినప్పుడు సుమ్మా ఉలకకుండా కూర్చునేసి, ఇప్పుడు ఏడిస్తే?" అని పెద్దమ్మ ఆమెనే తిట్టింది.

"నేను సెప్తిని. ఇదే సెప్పలా," అంది అక్క, నన్ను చూస్తూ.

పెద్దమ్మ నావైపు తిరిగింది. "ఏమంటాదే?"

"నొప్పి తాళలేకుండా ఉందంట," అన్నాను.

పుండు మానింది. పుండు పడ్డప్పుడు అటకెక్కించిన కుర్చీని మాత్రం మళ్లీ ఎవరూ దింపలేదు. చేసినాయనకు పని రాదని మావాళ్లు ఊరంతా చెప్పారు. ఇప్పుడు అక్క నడుము ఏ సీటుకూ వంగదు. మంచం మీదే ఉంటుంది.

మొదటి అబద్ధానికి నేను తల వంచను. ఒక ఆడమనిషి నడుము కింది భాగానికి సీటు చేస్తూ, గదిలో మరో పెద్ద ఆడమనిషి ఉండాలని ఆ ముగ్గురిలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదు? ఒంటిలో ఒక భాగం పేరు పలికితే చెడిపోతావని నాకు నేర్పిందెవరు? వాళ్లూ తమ వాటా మోయాలి.

పెద్దమ్మకు చెప్పిన రెండోదాన్ని మాత్రం ఎవరి మీదికీ నెట్టలేను. అక్కడ మగవాళ్లు లేరు. సిగ్గు కూడా లేదు. మరేమిటి? తిడతారని భయమా? కాదు. మంచి పిల్లనన్న పేరు. దానికోసం ఆమె మాటను ఆమె ఎదుటే మార్చేశాను.

చిన్నదానివి, పోనీలే అని మీరనొద్దు. అక్క క్షమించిందా అనీ అడగొద్దు. క్షమించానని ఆమె అన్నా, ఆ మాట మీకు చెప్పాల్సింది నేనే. మీరు నమ్మకూడదు.