ఇంటర్వ్యూ రోజున అతికించిన స్క్రీన్

మా అత్తగారు దేన్నైనా ఇంట్లో వాడనివ్వాలంటే ముందు అది దేవుడి గూటి దగ్గరికి వెళ్లాల్సిందే. పిల్లాడి కొత్త పుస్తకాలు, స్కూటర్ తాళం, చివరికి మిక్సీ కూడా, ఆవిడ అక్షింతలు పడకుండా మా నందిగామ ఇంట్లో ఏదీ పని మొదలుపెట్టలేదు. ఆ రోజు నా ల్యాప్‌టాప్ వంతు వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి నాకు ఇంటర్వ్యూ. పిల్లాడు పుట్టాక మానేసిన అకౌంట్స్ పని, మళ్లీ ఇంటి నుంచే చేసుకునే వీలు. మధ్యలో అంత ఖాళీ చూసి ఎవరూ పిలవలేదు, వీళ్లొక్కరే పిలిచారు. పరీక్ష పెట్టే ప్రోగ్రాం ఆ ల్యాప్‌టాప్‌లోనే ఎక్కించి ఉంది. ఫోనులో కుదరదని, టీవీకి తగిలిస్తే పరీక్ష ఆగిపోతుందని ముందే చెప్పారు.

నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, మీటల మీద అక్షింతలు చల్లి, పుస్తకం మూసినట్టు మూసి, మూత మీద బొటనవేలితో గట్టిగా కుంకుమ బొట్టు అద్దుతోంది. లోపల టప్‌మని చిన్న చప్పుడైంది. తెరిచి చూస్తే బియ్యపు గింజ నొక్కుకున్న చోటు నుంచి స్క్రీనంతా బీటలు, మధ్యలో నల్లటి మరక.

నాకు కోపమొస్తే నోరు ఆగదు. "నేను ఉద్యోగం చేయడం మీకిష్టం లేదని తెలుసు అత్తయ్యా. మరీ ఇంత పని చేస్తారనుకోలేదు" అనేశాను. ఇంటర్వ్యూ మాట ఎత్తిన రోజు నుంచీ 'ఇప్పుడెందుకులే అమ్మాయ్' అని సణుగుతున్న మనిషి మరి. మామూలుగా ఆవిడ నోరు నాకంటే పెద్దది. అప్పుడు మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు. దాంతో నా అనుమానం ఇంకా బలపడింది.

నందిగామ షాపతను "విజయవాడ నించి రేపు తెప్పిస్తానండి" అన్నాడు. రేపు తెస్తే నేనేం చేసుకోను? జగ్గయ్యపేటలో పాత ల్యాప్‌టాప్‌లు విప్పి సామాను అమ్మే షాపుందని అతనే చెబితే పరుగున వెళ్లి బస్సెక్కాను.

పేట షాపాయన నా ల్యాప్‌టాప్ చూసి పెదవి విరిచాడు. "ఈ మోడల్ది లేదమ్మా. వేరే మోడల్ది ఉంది, సైజు ఒకటే. వెనక వైరు పిన్నులు కలిస్తే వెలుగుద్ది. కలవకపోతే నన్నేం అనొద్దు."

"వెలిగితే చాలండి."

"స్క్రూలు బిగించే చెవులు లేవు దీనికి. టేపుతో అతికిస్తా. చుట్టూ ఉండే ఫ్రేము కూడా పట్టదు. గుడ్డి కంటే మెల్ల నయం కదా."

వైరు తగిలించి మీట నొక్కాడు. నలుపు. మళ్లీ ఊడదీసి, ఊది, తగిలించాడు. ఈసారి ఒక తెల్ల గీత వచ్చింది, కాసేపటికి పాలిపోయిన రంగుల్లో మా పిల్లాడి ఫొటో కనిపించింది. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

"మూత మాత్రం మూయొద్దమ్మా. మూస్తే ఇది కూడా పోద్ది" అన్నాడాయన.

తెరిచిన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. చిల్లకల్లు టోల్‌గేట్ దగ్గర సిమెంటు లారీలు బారులు తీరి ఉన్నాయి. బస్సు ఆగిన ప్రతిసారీ టైము చూశాను, కుదిపిన ప్రతిసారీ స్క్రీన్ చూశాను. కండక్టర్ "మాకూ సినిమా చూపించండి మేడమ్" అన్నాడు. మరో రోజైతే తగిన జవాబే చెప్పేదాన్ని. ఆ రోజు ల్యాప్‌టాప్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ఇల్లు చేరేసరికి మూడు కావస్తోంది. ఎండకు టేపు వదులై స్క్రీన్ పైభాగం ముందుకు వాలుతోంది. ఒక చేత్తో ఎగదోస్తే నిలుస్తుంది, వదిలితే పడుతుంది. ఒంటి చేత్తో పరీక్ష ఎలా రాయను? అత్తగారు వచ్చి చూసింది. చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, బల్ల వెనక నిలబడి రెండు పై మూలలూ వేళ్లతో పట్టుకుంది. నేను ఇంటర్వ్యూ కాల్ కలిపాను.

అవతల ఆఫీసావిడ ముందుగా అడిగింది ఇదే: "రూల్ ప్రకారం గదిలో మీరొక్కరే ఉండాలండి. ఇంకెవరైనా ఉన్నారా?"

కెమెరాకు అత్తగారు కనపడదు. లేరండి అంటే సరిపోతుంది. ఉన్నారంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోతుందేమో. పొమ్మంటే స్క్రీన్ నిలవదు.

"నేనున్నానమ్మా, దాని అత్తని" అంది అత్తగారు స్క్రీన్ వెనక నుంచి. "పొద్దున అద్దం పగలగొట్టింది నేనే. నాకు కూడికలు కూడా రావు, ఏం చెప్పనూ లేను. ఇది పడకుండా పట్టుకుంటా, మీరు అడిగేది అడగండి."

ఆఫీసావిడ అడిగింది: "గంట పడుతుందమ్మా. అంతసేపు నిలబడతారా?"

"రెండు గంటలైనా నిలబడతా. మా అమ్మాయికి ఆ ఉద్యోగం కావాలి."

ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. ఆఫీసావిడ సరేనని మొదటి లెక్క పంపింది. కళ్లు తుడుచుకుంటే గానీ నాకు అంకెలు కనపడలేదు.