కబురు రాని చావు

"...శవం లేకుండా ఆ దెబ్బ ఎట్లా కొట్టేదిరా? నన్నేమన్నా పిచ్చోడనుకున్నావా?"

"ఉత్త మ్యూజిక్కే కదా నాయనా! లోకమంతా దాన్నే వింటా ఉంది."

లోకమంటే మాదేశ్ చేతిలోని ఫోను. మత్తిగిరి పక్క పల్లెలో అతని తండ్రి అంజినప్ప మీసం రాకముందు నుంచీ పలక, అంటే తోలు డప్పు, కొడుతున్నాడు. పెండ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒకటి, చావుకు ఒకటి. చావు దెబ్బ కుంటుతుంది. పాడె మోసేవాళ్ల అడుగు ఎక్కడ తడబడుతుందో అక్కడ ఆగి, మళ్లీ అందుకుంటుంది. తాను పోయినప్పుడు కొట్టాలని దాన్ని కొడుక్కు దగ్గరుండి నేర్పాడు.

ఆ దెబ్బనే మాదేశ్ ఒక చావులో తండ్రి కొడుతుంటే ఫోనులో పట్టి, తాను కాంట్రాక్టు పని చేసే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ లోహిత్‌కు పంపాడు. సరిహద్దులో యుద్ధం జరిగిన ఆ వారంలో లోహిత్ దానికి క్షిపణుల దృశ్యాలు అతికించి వదిలాడు. వాటిలో సగం ఏదో వీడియో గేములోవి. అయినా లక్షలమంది చూసి జెండాలు పెట్టి పరవశించారు. ఒకావిడ ఆ దెబ్బకు తగ్గట్టు గరిటె తిప్పుతూ వంకాయ కూర వండి చూపించింది.

అంజినప్ప ఒక్కసారి చూశాడు. "కొట్లాడేటోళ్ల కంటే చూసేటోళ్లకే రోషం జాస్తిగా ఉందే" అని ఫోను తిరిగిచ్చేశాడు. వెనకటి యుద్ధంలో కావేరిపట్టణానికి ఒక సిపాయి శవపెట్టె వచ్చినప్పుడు పలక కొట్టింది అతనే. మూత తీయనివ్వలేదు. తల్లి దాని మీద చెయ్యి పెట్టి, తల ఏ వైపుందని అడిగింది.

ఇప్పుడు లోహిత్ ఉండే కాలనీవాళ్లకు విజయోత్సవ ఊరేగింపు కావాలి, ముందు ఆ దెబ్బే మోగాలి. మాదేశ్‌ను పర్మనెంట్ చేయాలా వద్దా అన్నది లోహిత్ మాట మీద ఉంది.

సాయంత్రం లోహితే వచ్చాడు, మిలిటరీ రంగుల టీషర్టులో.

"పెద్దాయనా, మీరు ఫేమస్ అయిపోయారు తెలుసా?"

"పోయినోళ్లు ఎవరప్పా?"

లోహిత్ నవ్వాడు. "శత్రువులు!"

"వాళ్లింటోళ్లు కబురంపినారా? కబురు లేకుండా మేం పలక మంటకు కాచం."

"మనవాళ్లూ పోయారు కదా. వాళ్ల కోసమే అనుకోండి."

"అట్లయితే నన్ను వాళ్లింటికి పిలుచుకపో, ఆడ కొడతా. ఈడ మీరు ఐస్‌క్రీములు తింటా ఎగిరేదానికి కొట్టను."

లోహిత్ ముసలాయనతో వాదించలేదు. మాదేశ్ వైపు తిరిగి, "ఏం మాదేశ్, మరి?" అన్నాడు, అంతే.

మాదేశ్ గోడకున్న పలక దించాడు. "నేను కొడతా సార్. ఆయన దగ్గర నేర్చిందే."

లోహిత్ బండి వీధి దాటింది. అంజినప్ప కొడుకుతో చెప్పాడు:

"నేను పోయిన దినం నువ్వు కొట్టొద్దు. తళి ఊర్లో ఈశ్వరప్ప ఉండాడు, ఆయన కొడతాడు, ఆయనకు చెప్పి పెడతా."