తలకు పూసుకున్న మందు

ముప్పై తొమ్మిదేళ్లకు నాకు కొడుకు పుట్టాడు. కర్నూలులో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే నర్సమ్మ గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"తల కింద చెయ్యి పెట్టి పట్టుకో తాతా. బిడ్డ నాయన యాడికి పోయినాడు?"

పక్కనున్న మా అమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, పళ్లు కొరుక్కుంటూ. నా నెత్తి ముందు భాగం అప్పటికే కోతయిన జొన్నచేనులా ఉండేది.

మా నాయన అంతకు ఏడు నెలల ముందే పోయాడు. నేతపని ఆయనది. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన అమ్మ రాట్నం మీద నూలును కండెలకు చుట్టింది. పోయేనాటికి ఆయన తల మీద ఒక్క వెంట్రుక కూడా రాలలేదు. చెవుల మీద, భుజాల మీద, వీపు మధ్యన కూడా జుట్టే. నాకు మాత్రం అందులో పిడికెడు కూడా రాలేదు. ఆయన పోయాక మగ్గం అమ్మేసి అమ్మను కర్నూలుకు తెచ్చుకున్నాం. ఆమె వెంట తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె, అందులో ఆయన మగ్గం మీద అటూ ఇటూ పోగు ఆడించిన నాడె.

పిల్లాడికి ఆయన పేరే పెట్టాం. అందువల్ల ఒక చిక్కు వచ్చింది. మా వైపు పెద్ద ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. మొగుడు పోయినా పలకరు. రేషన్ కార్డు దగ్గర అడిగినా అమ్మ నా వైపు చూసేది తప్ప చెప్పేది కాదు. కాబట్టి మనవడిని ఆమె "అబ్బోడా", "చిన్నోడా" అని పిలిచేది.

నర్సమ్మ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆఫీసులో ఒకాయన ఎర్రగడ్డ రసం రుద్దమన్నాడు. నాలుగు రోజులు రుద్దాను, ఐదో రోజు పక్క సీటాయన ఉల్లి వాసనకు కుర్చీ జరుపుకున్నాడు. గుంటగలగరాకు నూనె రాస్తే దిండు పచ్చబడింది. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ఒక సీసా రాసిచ్చాడు. పొద్దున, సాయంత్రం గొట్టంతో కొలిచి తలకు పూసుకోవాలి. మొదట్లో ఉన్నవి కూడా రాలుతాయి, భయపడొద్దు. మొలిచాక మానేస్తే మొలిచినవీ పోతాయి. పూసుకున్నాక చేతులు కడుక్కోవాలి, తల ఆరేదాకా పడుకోకూడదు.

డబ్బాలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది. దురద, పొట్టు, గుండెదడ, కాళ్ల వాపు, అక్కర్లేని చోట వెంట్రుకలు. నేను లెక్క తెలిసినవాణ్ని కదా, కూర్చుని తూచాను. త్రాసులో ఒక పక్క నా నెత్తి, ఇంకో పక్క నా చర్మం, నా గుండె. రెండు పక్కలా నేనే. ఇంకెవరినీ ఎక్కించలేదు. పూసుకోవడానికే నిర్ణయించుకున్నాను. ఇంట్లో చెబితే ఎగతాళి చేస్తారని సీసాను గడ్డం గీసుకునే సామాన్ల వెనక దాచాను.

అది కర్నూలు ఎండాకాలం. పిల్లాడి ఒంటి మీద నూలుపోగు నిలవనిచ్చే వేడి కాదు. సాయంత్రం ఇంటికొచ్చి, పూసుకుని, కూలర్ ముందు వాలేవాణ్ని. ఆరేదాకా ఎవరాగుతారు? వాణ్ని నా పక్కన, నా దిండు మీదే వెల్లకిలా పడుకోబెట్టుకునేవాణ్ని. వాడు ముఖం నా వైపు తిప్పి, నా తలకు నుదురు ఆనించి, పిడికిట్లో నా జుట్టు పట్టుకుని, ఆ పిడికిలే నోట్లో పెట్టుకుని నిద్రపోయేవాడు. అంతకన్నా సుఖం నాకు తెలియదు.

రెండు నెలలకు నా నెత్తి మీద నూగు కనిపించింది. ఆ వారమే, అమ్మ కాళ్లు చాపి వాణ్ని బోర్లా వేసుకుని నీళ్లు పోస్తూ ఆగిపోయింది.

"రేయ్, ఈడ చూడు."

వాడి భుజాల మధ్య నుంచి నడుము దాకా నల్లటి వెంట్రుకలు దిగి ఉన్నాయి. మెత్తవే, కానీ పొడవు. వెల్లకిలా తిప్పితే నుదుటి జుట్టు కనుబొమల్ని కలుస్తోంది.

"మీ నాయనకు ఇట్లే ఉండె," అంది అమ్మ. చెంబు కింద పెట్టి తడిచేత్తో కొంగు తీసి తల మీద కప్పుకుంది. మా నాయన ఎదురైతే కప్పుకున్నట్టే, ఐదు నెలల బిడ్డ ముందు.

తర్వాతి ఆదివారం మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్ ఆగాక ఇల్లంతా నిశ్శబ్దం. పక్క గదిలో అమ్మ గొంతు వినిపించింది. "యో, ఇంటాండావా?" అంది. మా నాయనను ఆమె పిలిచిన పిలుపు అదొక్కటే. "కండెలు అయిపోయినట్లుండాయి. చుట్టేదా?" అని ఆగింది. జవాబు విన్నట్టు కొంచెంసేపు ఊరుకుని, "సరేలే, పొద్దు వాలనీ," అంది. తలుపు సందు నుంచి చూశాను. పిల్లాడు చాప మీద నాడె పట్టుకుని, మగ్గం తొక్కినట్టు కాళ్లు రెండూ ఒకటి మార్చి ఒకటి తొక్కుతున్నాడు. పసిపిల్లలందరూ తంతారు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ సగం నమ్మాను. వాడు కనుబొమలు ముడిచి చూస్తే, పోగు తెగినప్పుడు మా నాయన చూసే చూపే. మందు పూసుకునేటప్పుడు వాడు చూస్తుంటే "మగోనికి అద్దం ముందర ఏం పనిరా?" అన్నట్టే ఉండేది. వాడికి వీపు తిప్పి పూసుకునేవాణ్ని. అమ్మ ముఖం మాత్రం, నాయన పోయిన ఏడాదికి, మళ్లీ వెలిగింది. చూసినవాళ్లందరికీ చెప్పుకుంది, ఆయప్ప తిరిగొచ్చినాడని.

నా భార్య నా మేనమామ కూతురు, ఇలాంటివి లెక్కచేసే మనిషి కాదు. ఒక పొద్దున వాడి రొమ్ము మీద చెయ్యి వేసి నన్ను పిలిచింది.

"బావా, ఈని గుండె చూడు. పిట్టగుండె మాదిరి కొట్టుకుంటాండాది."

పిల్లల డాక్టరమ్మ వాడి వీపు చూసింది, గుండె విన్నది, నుదురు నిమిరింది. తర్వాత తలెత్తి నా నుదుటి పైభాగాన్ని తీరిగ్గా చూసింది.

"తలకు ఏమన్నా పూస్తాండారా?"

భార్య నా వైపు తిరిగింది. నేను నిజం చెప్పాను. ఆ మందు వాడి చర్మం లోంచి, నోట్లోంచి లోపలికి పోతోందని, మానేస్తే వెంట్రుకలు వాటంతటవే రాలతాయని, గుండెను మాత్రం కనిపెట్టి ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంటి ముందు ఆటో దిగాక నా భార్య అంది: "నీ నెత్తికి నా బిడ్డను ఎరువేసినావు గదా బావా."

అమ్మకు కూడా చెప్పాను. "నాయన కాదమ్మా, మందు" అన్నాను. ఆమె కొంగు తల మీదే ఉంచుకుని విన్నది. ఒక్కటే అడిగింది.

"ఏ సీసా?"

చూపించాను. కోపంతో అడిగిందనుకున్నాను.

ఆ రోజే మందు ఆపాను. దిండు గలీబులు ఉడకబెట్టాం. సీసా మాత్రం పారబొయ్యలేదు. సగం పైన ఉంది, వాడు పెద్దయ్యాక మళ్లీ మొదలుపెట్టొచ్చని బీరువా మీద పెట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

వాడి గుండె నెమ్మదించింది. నెలన్నరకు నుదుటి వెంట్రుకలు పలచబడ్డాయి. నా నెత్తి మీద మొలిచినవి దువ్వెన నిండా వచ్చాయి. కానీ వాడి వీపు మీదివి పోలేదు. చేత్తో తాకితే ఇంకా చిక్కబడ్డట్టున్నాయి. మళ్లీ గుండె వేగం పెరిగింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "నిజంగా ఆపినారా?" అని అడిగింది. దేవుడి మీద ఒట్టేశాను. డాక్టరమ్మా నమ్మలేదు, నా భార్యా నమ్మలేదు. ఆ సాయంత్రం భార్య నా దిండు వాసన చూసింది. చెయ్యని తప్పుకు దొంగనై, నాకే భయం పట్టుకుంది. మందు కాకపోతే మరి ఏమిటి? వాడి వీపు తట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

రెండు రోజుల తర్వాత ఒక ఫైలు మర్చిపోయి ఆఫీసు నుంచి మధ్యలో ఇంటికి వచ్చాను. భార్య మిద్దె మీద గుడ్డలు ఆరేస్తోంది. అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది, వాడు బోర్లా ఆమె కాళ్ల మీద. పక్కన నూనెగిన్నె, గిన్నె పక్కన నా సీసా. గొట్టంతో వాడి భుజాల మధ్య ఒక్కొక్క బొట్టే వేస్తూ వేలితో రాస్తోంది. పండక్కి తలంటినంత ప్రేమగా రాస్తోంది.

"అమ్మా!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడలేదు. "పోతాండాడురా," అంది. "దినామూ కొంచెం కొంచెం పోతాండాడు. ఒకసారి చూసినా గదా. రెండోసారీ చూస్తా కూచోమంటావా?"

పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకుని వాడి రొమ్ము కింద పెట్టాను. ఆ చిన్న గుండె ఆగకుండా పరిగెడుతోంది. అమ్మ వేళ్లు అక్కడే ఉండిపోయాయి.

"ఇంత బిరీనా కొట్టుకుంటాండాదా?" అంది.

"ఔనమ్మా."

"మీ నాయనకు కూడా కడాకు ఇట్లే..." అని ఆపేసింది. చెయ్యి తీసింది. సీసా తనే తీసుకుని లేచి, పెరట్లో తూము దగ్గర వంచింది. ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసింది. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది. వాడి వీపు శనగపిండితో రుద్ది రుద్ది నీళ్లు పోసింది. తుడిచి చాప మీద కూర్చోబెట్టి, తల మీది కొంగు తీసి నడుముకు దోపుకుంది.

వాడు నాడె కోసం అటు దేకబోయాడు. అమ్మ దాన్ని తీసి ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసింది. తర్వాత, వాడి వైపు తిరిగి, మా నాయన పేరు పెట్టి వాణ్ని పిలిచింది.

ఆ పేరు ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. రెండో అక్షరం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి పలికి పూర్తి చేసింది. పిల్లాడు కాలి వేలు నోట్లో పెట్టుకుని, ఎవర్నో పిలుస్తున్నారనుకుని తలుపు వైపు చూశాడు.