చెయ్యి చాపిన కోతి

ఆ పరిశోధనశాలలో ఆయన్ని అందరూ కోతుల మామ అనేవారు. పంతొమ్మిదేళ్లుగా బోనులు కడగడం, పళ్లు కోసి పెట్టడం ఆయన పని. ఎయిడ్స్ వైరస్‌కు దగ్గరి చుట్టం లాంటి వైరస్ ఒకటి అక్కడి కోతులకు ఎక్కించేవారు. ఒక వరసకు కొత్త మందు ఇచ్చి, రెండో వరసకు ఇవ్వకుండా చూసేవారు. తేడా కనబడితేనే మందు పనిచేసినట్టు.

ముప్పై ఒకటో నంబరు కోతి మందు లేని వరసలో పడింది. రక్తం తీసేటప్పుడు బోను సందులోంచి తనంతట తానే చెయ్యి చాపేలా, ఎండుద్రాక్షలు పెట్టి రెండు నెలలు దానికి నేర్పాడాయన.

"మమ్మల్ని చూస్తే పళ్లికిలిస్తుంది. మీ మాటైతే వింటుంది మామా" అనేది పరిశోధన చేసే డాక్టరమ్మ. ఆయన పొంగిపోయేవాడు.

ఆ ఏడే ఆయన తమ్ముడికి ఎయిడ్స్ వైరస్ సోకిందని తేలింది. దర్జీ పని చేసుకునే ఒంటరివాడు. ఆస్పత్రి నుంచి నేరుగా అన్న ఇంటికే వచ్చాడు. అది ఎలా అంటుతుందో, ఎలా అంటదో ఆ వీధిలో కోతుల మామకు తెలిసినంత ఎవరికీ తెలీదు. అయినా రెండో రోజుకే తమ్ముడికి కంచం, గ్లాసు వేరుగా పెట్టాడు.

భార్య ఊరుకోలేదు. "రోజంతా రోగపు కోతుల దగ్గర కూర్చుంటారు. సొంత తమ్ముడంటే భయమా?"

"అక్కడ చేతులకు తొడుగులుంటాయి" అన్నాడు. నిజానికి ఆయన భయం రోగానికి కాదు, నలుగురి నోళ్లకు.

వారం తిరక్కుండానే తమ్ముడు సంచి సర్దుకున్నాడు. "కొట్టు తెరవాలి అన్నయ్యా, గిరాకీ పోతుంది." వదిన ఉండమంది. అన్న అనలేదు.

చలికాలానికి పరిశోధన ముగిసింది. ముప్పై ఒకటి ఎముకల గూడైపోయింది. మత్తు సూది, ఆ తర్వాత చివరి సూది. బెదరకుండా ఉంటుందని ఆయన్ని దగ్గర కూర్చోమన్నారు. ఆయన కూర్చున్నాడో లేదో, అది పిలవకుండానే చెయ్యి చాపింది. కళ్లు మాత్రం ఆయన గుప్పిట మీదే.

"మందిచ్చిన వరస బాగుంది మామా. ఇది లేకపోతే ఆ సంగతి తేలేది కాదు" అంది డాక్టరమ్మ తర్వాత. ఆయన ఖాళీ అయిన బోను కడగడానికి వెళ్లాడు.

సాయంత్రం ఇంటికి పోకుండా తమ్ముడి కొట్టుకు వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు. తమ్ముడు దారం కొరికి, "కోతి సంగతి చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?" అన్నాడు.

"కాదురా. నీకు కంచం వేరుగా పెట్టాను. మీ వదిన కాదు, నేనే."

"తెలుసు" అని తమ్ముడు మళ్లీ మిషను తొక్కాడు.

అతను ఆ ఇంట్లో ఉండటానికి మళ్లీ రాలేదు. నెలనెలా మాత్రల కోసం ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మాత్రం అన్నను తోడు రానిచ్చాడు. మొదటిసారే అక్కడ పాత స్నేహితుడొకడు ఎదురై ఎవరికి బాగాలేదని అడిగితే, "నాకే, మోకాళ్ల నొప్పులు" అనేశాడు అన్న. పక్కనే ఉన్న తమ్ముడు విన్నాడు.

మరుసటి నెల ఎవరూ అడక్కపోయినా, వరసలో పక్కన కూర్చున్న ముసలామెతో తానే గట్టిగా అన్నాడు. "మా తమ్ముడమ్మా. వీడి మాత్రల కోసమే వచ్చాం." చెవులు వేడెక్కాయి.

"మెల్లగా చెప్పు అన్నయ్యా. ఆవిడకేం చెవుడు లేదు" అన్నాడు తమ్ముడు.